దసరా సెలవుల తరువాత మళ్లీ నడక, పరుగు మొదలుపెట్టడం ఎలా?

కట్టమీది నడక, హన్మకొండ

సభ్యులందరికీ నమస్కారం. నేను బ్యాంకు ఉద్యోగిని, వయసు 44 సంవత్సరాలు. సంవత్సరంన్నర క్రితం భద్రకాళి చెరువు కట్ట మీద నడకతో మొదలుపెట్టి, నెమ్మదిగా పరుగుకు అలవాటుపడి, ఈ వానాకాలం నాటికి వారానికి ఐదు రోజులు ఉదయం 5:30కు కట్ట మీదికి చేరి 6 కిలోమీటర్లను 42 నిమిషాల్లో పూర్తిచేసే స్థితికి వచ్చాను. పెత్తరమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఇల్లంతా పండుగలో పడింది. అక్కాచెల్లెళ్లు పిల్లలతో వచ్చారు, తెల్లవారుజామున గునుగుపూలకూ తంగేడుపూలకూ ఊరి బయటికి వెళ్లే పని నాదైంది, రాత్రి బతుకమ్మలను నీళ్లలో వదిలి వచ్చి భోజనం చేసేసరికి పదకొండు దాటేది. సద్దుల నాటి పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద ముద్దలు ఒక ఎత్తైతే, దసరా నాటి యాటకూర, బగారా అన్నం, గారెలు మరొక ఎత్తు. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకున్న ఏ ఇంటి నుంచైనా ఏమీ తినకుండా వెనుదిరగడం మన దగ్గర మర్యాద కాదు. ఆ తరువాత పరకాలలో అత్తగారింట్లో మూడు రోజులు గడిచాయి. లెక్క వేసుకుంటే 16 రోజులు కట్ట మీద అడుగుపెట్టలేదు, బరువు 74.2 నుంచి 77 కిలోలకు చేరింది.

నిన్న ఉదయం మళ్లీ వెళ్లాను. తిన్నదంతా త్వరగా కరగాలనే తొందరలో మొదటి రోజే పాత వేగంతో పరుగెత్తాను. రెండో కిలోమీటరుకే ఆయాసం వచ్చింది, నాలుగో కిలోమీటరు దగ్గర ఎడమకాలి పిక్క పట్టేసింది, అక్కడి నుంచి కుంటుతూ బండి దగ్గరికి చేరాను. ఈరోజు మెట్లు దిగుతుంటే నొప్పిగా ఉంది. సంవత్సరంన్నర కష్టం 16 రోజుల్లో పోయిందా అనే బాధ నన్ను నిజంగా కుంగదీస్తోంది. పిక్క నొప్పి తగ్గేదాకా పూర్తిగా ఆగాలా? దీపావళికి 13 రోజులే ఉన్నందున, ఈలోగా పాత బరువుకు రావడానికి తిండి ఎంత తగ్గించాలి? అసలు మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాత పీఈటీ, జనగామ

నేను 34 సంవత్సరాలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందాను. దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన వారం మైదానంలో పిల్లలను చూసినవారికి మీ పరిస్థితి కొత్తది కాదు. సెలవులకు ముందు అవతలి గీత తాకి వచ్చేదాకా కూత ఆపని పిల్లవాడు, సెలవుల తరువాత సగంలోనే ఊపిరి వదిలేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వాళ్లను మొదటి రోజే పాత లెక్కన మైదానం చుట్టూ తిప్పాను. ఆ వారంలోనే ఇద్దరు ముగ్గురు మడమ నొప్పితోనో తొడ కండరం పట్టేసో చెట్టు కింద కూర్చోవలసి వచ్చేది, మండల పోటీల నాటికి మంచి ఆటగాళ్లు జట్టులో ఉండేవారు కాదు. ఆ తప్పు పిల్లలది కాదని, నాదేనని అర్థం కావడానికి మూడు దసరాలు పట్టింది.

ఆ తరువాత విరమణ దాకా ఒకే నియమం పాటించాను: వేళ పాతదే ఉండాలి, దూరం సగమే ఉండాలి. ఉదయం 5:30కు కట్ట మీద ఉండటం మీ అలవాటు కాబట్టి, రేపు కూడా 5:30కే అక్కడ ఉండండి. పిక్క నొప్పి ఉన్నన్నాళ్లు పరుగు వద్దు, నొప్పి పెరగనంత మేరకు చదును నేల మీద నెమ్మదిగా 20 నిమిషాలు నడిస్తే చాలు. నొప్పి పోయాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఎనిమిది సార్లు చేస్తే 24 నిమిషాలు అవుతుంది. అది వారం రోజులు ఇబ్బంది లేకుండా సాగితే రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడకగా మార్చుకోండి. వేగానికి గడియారం చూడవద్దు. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు, రెండు మూడు మాటలకే ఊపిరి తెగుతుంటే ఎక్కువైనట్టు. ఈ కొలత పిల్లలకూ పనికివచ్చింది, ఇప్పుడు 67 ఏళ్ల వయసులో నాకూ పనికివస్తోంది.

ఫిజియో, నక్కలగుట్ట

మాస్టారు చెప్పిన పద్ధతితో పూర్తిగా ఏకీభవిస్తూ, పిక్క గురించి కొంత వివరంగా రాస్తున్నాను. చాలా రోజుల తరువాత వ్యాయామం చేసినప్పుడు మరునాటి నుంచి రెండు కాళ్లలోనూ సమానంగా వచ్చే నొప్పి వేరు, పరుగులో ఉండగా ఒక కాలిలో ఒకచోట చటుక్కున పట్టేసే నొప్పి వేరు. మొదటిది 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి తానే తగ్గుతుంది. రెండోది కండరపు పోగులు కొన్ని చిట్లడం వల్ల వచ్చేది, మీకు జరిగింది బహుశా అదే. కుంటకుండా నడవగలిగే దాకా పరుగు ఆపండి. గోడ పట్టుకొని, దెబ్బ తగిలిన కాలి మీద మాత్రమే నిలబడి, మడమను పైకి లేపి దించడం 20 సార్లు నొప్పి లేకుండా చేయగలిగిన రోజున పరుగు గురించి ఆలోచించవచ్చు.

ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. పిక్క వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండి, పడుకున్నా నొప్పి తగ్గకపోతే దానిని మామూలు పట్టుగా భావించకండి. పండుగకు గంటల తరబడి కదలకుండా కూర్చొని ప్రయాణం చేసినవారిలో కాలి సిరలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటుంది. అలాంటి పిక్కకు మర్దన చేయించకుండా, అదే రోజు వైద్యులకు చూపించాలి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలతో కూడిన ఆయాసం కనిపిస్తే అక్కడికక్కడే ఆగి 108కు ఫోన్ చేయాలి.

కష్టమంతా పోయిందని బాధపడ్డారు కాబట్టి శరీరంలో ఏం జరిగిందో చెబుతాను. వ్యాయామం ఆపిన మొదటి రెండు వారాల్లో రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది, దానితో గుండె ఒక్కొక్క స్పందనకు పంపే రక్తం తగ్గి, అదే వేగానికి ఎక్కువ సార్లు కొట్టుకోవలసి వస్తుంది. రెండో కిలోమీటరులో మీకు వచ్చిన ఆయాసానికి ప్రధాన కారణం ఇదే. కండరాల బలం రెండు మూడు వారాల్లో చెప్పుకోదగినంతగా తగ్గదు. ద్రవభాగం కొద్ది రోజుల సాధనతోనే మళ్లీ పెరుగుతుంది, అందుకని ఊపిరి మీరు అనుకున్నదానికంటే ముందే కుదురుకుంటుంది. మడమ వెనుక తాడులా చేతికి తగిలే స్నాయువు మాత్రం నెమ్మదిగా సిద్ధమయ్యేది. ఊపిరి బాగుంది కదా అని స్నాయువు సిద్ధం కాకముందే వేగం పెంచినవారే పండుగల తరువాత నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు.

జంక్షన్ వాసి, కాజీపేట

పెద్దలు క్షమించాలి, నా అభిప్రాయం వేరు. సగం దూరం, సగం వేగం అన్న మాట వినగానే మనసు దానినే అలవాటు చేసుకుంటుందని నా అనుభవం. నేను ప్రతి సంవత్సరం దసరా తరువాత మూడు రోజులు మజ్జిగ, పండ్లు తప్ప మరేమీ తీసుకోను, ఉదయం సాయంత్రం రెండు పూటలా పరుగెత్తుతాను. నాలుగో రోజుకు 3 కిలోలు తగ్గిపోతాను. కఠినంగా ఉంటేనే శరీరం మాట వింటుంది. నా వయసు 39, ఇప్పటివరకు ఏ ఇబ్బందీ రాలేదు.

పోషణ పాఠాలు, వరంగల్

నేను కళాశాలలో ఆహార శాస్త్రం బోధిస్తాను. జంక్షన్ వాసి గారి పట్టుదల గౌరవించదగినది, కానీ ఆ 3 కిలోలు ఏమిటో తెలుసుకోవాలి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీల శక్తి ఉంటుంది. ప్రశ్న అడిగిన అన్నగారు పండుగ రోజుల్లో రోజుకు 500 కిలోకేలరీలు అదనంగా తిన్నారనుకుంటే 16 రోజులకు 8,000 అవుతాయి, అంటే చేరిన కొవ్వు ఒక కిలోకు కొంచెం ఎక్కువ. మిగిలిన 1.8 కిలోలు ఏమిటి? అన్నం, మలీద, సత్తుపిండి వంటివాటి నుంచి వచ్చిన చక్కెరను శరీరం కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, ఆ గ్లైకోజెన్ ప్రతి గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. కూరల్లో, తొక్కుల్లో ఉప్పు పెరిగినప్పుడు ఇంకొంత నీరు నిలుస్తుంది, పేగుల్లో ఉన్న ఆహారపు బరువు కూడా తూకంలోకి వస్తుంది. మూడు రోజుల ఉపవాసంలో ముందుగా పోయేది ఈ నీరే, మామూలు భోజనం మొదలుపెట్టగానే అందులో చాలా భాగం తిరిగి వస్తుంది. ఆ నీరు మామూలు తిండి తింటూ ఉన్నా వారం పది రోజుల్లో తనంతట తానే పోతుంది, దానికోసం కడుపు మాడ్చుకోవలసిన అవసరం లేదు.

తీయవలసిన కొవ్వు ఒక కిలో కాబట్టి, రోజుకు 350 కిలోకేలరీలు తగ్గిస్తే మూడు వారాలకు కొంచెం పైగా పడుతుంది. ఒక పెద్ద చెంచాడు నూనెలో దాదాపు 120 కిలోకేలరీలు ఉంటాయన్నది గుర్తుపెట్టుకుంటే, మిగిలిపోయిన గారెలను మళ్లీ నూనెలో వేయించుకోకపోవడం, డబ్బాల్లో ఉన్న గరిజెలనూ మురుకులనూ ఇంటికి వచ్చినవారికి పంచిపెట్టడం వంటి చిన్న నిర్ణయాలతోనే ఆ లెక్క పూర్తవుతుంది. మధ్యాహ్నం అన్నం వడ్డించుకునే ముందు ఆనపకాయ పప్పో, ఉడికించిన బొబ్బర్లో, పెసర్లో ఒక గిన్నెడు తినండి. మాంసకృత్తులు తగినంత అందకుండా ఉపవాసం ఉండి పరుగెత్తితే చిట్లిన కండరం మానడం కూడా ఆలస్యమవుతుంది. జొన్నరొట్టె గురించి కూడా అందరూ అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. బరువుకు బరువు చూస్తే జొన్నల్లోనూ బియ్యంలోనూ ఉండే శక్తి దాదాపు ఒకటే. జొన్నల్లో పీచు ఎక్కువగా ఉండటం వల్ల రెండు రొట్టెలకే కడుపు నిండినట్టు అనిపిస్తుంది, మేలు అక్కడ ఉంది. ఉప్పు విషయంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాములు దాటవద్దని చెబుతోంది. తూకం కన్నా నడుము చుట్టుకొలత చూసుకోవడం మంచిది, మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దుగా చెబుతారు.

మానేరు గాలి, కరీంనగర్

నా వయసు 52, తొమ్మిదేళ్లుగా చక్కెర వ్యాధికి మాత్రలు వాడుతున్నాను. బతుకమ్మ తొమ్మిది రోజులు నేను కదలకుండా కూర్చోలేదు. చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ, బతుకమ్మ చుట్టూ గంటన్నర తిరగడం కంటే మంచి వ్యాయామం నా వయసు ఆడవాళ్లకు ఏముంటుంది? మా గల్లీలో ఏడాది పొడవునా మోకాళ్ల నొప్పులని గడప దాటనివారు కూడా ఆ తొమ్మిది రోజులు వరుసలో నిలబడ్డారు. తప్పింది నిద్ర వేళ, భోజనం వేళ. దసరా తరువాత ఉదయం పరగడుపు చక్కెర 118 నుంచి 162కు పెరిగింది.

అక్కడ నేను చేసిన పొరపాటు మరొకరు చేయకూడదని రాస్తున్నాను. ఎక్కువ తిన్నాను కదా అని ఆ రోజు ఉదయం మాత్ర వేసుకొని, ఏమీ తినకుండా మానేరు ఆనకట్ట మీద 50 నిమిషాలు వేగంగా నడిచాను. చేతులు వణకడం, చెమటలు పట్టడం, కళ్ల ముందు మసకగా అవడం మొదలైంది. పక్కన నడుస్తున్న ఒక అమ్మాయి చక్కెర నీళ్లు ఇచ్చి కూర్చోబెట్టింది, తరువాత చూస్తే చక్కెర 61 ఉంది. నేను వాడే రకం మాత్ర వేసుకొని తినకుండా నడిస్తే చక్కెర పడిపోతుందని, 70 కన్నా తగ్గితే వెంటనే 15 గ్రాముల చక్కెర తీసుకోవాలని మా డాక్టరు గారు వివరించారు. ఇప్పుడు కొంగుకు చక్కెర పొట్లం కట్టుకోకుండా బయటికి వెళ్లను. ఉదయం నడకను 25 నిమిషాలకు తగ్గించి, మూడు పూటలా భోజనం చేసిన తరువాత డాబా మీద 15 నిమిషాలు నడుస్తున్నాను. పది రోజుల్లో పరగడుపు చక్కెర 126కు దిగింది.

మూడో షిఫ్టు, గోదావరిఖని

పాత పీఈటీ సారూ, వేళ మార్చవద్దని మీరు చెప్పారు. బొగ్గు గనిలో షిఫ్టులు మారుతూ ఉండే మాలాంటివారికి ఉదయం 5:30 అన్నది ఒక వారం లేచే సమయం, ఇంకో వారం పనిలో ఉండే సమయం. పండుగకు ముందు ఎలాగో నాలుగు నెలలు నిలబెట్టిన అలవాటు పోయింది, మళ్లీ పట్టుబడటం లేదు. రోజంతా గనిలో నడుస్తావు, మళ్లీ నడకెందుకని ఇంట్లోవాళ్లు, తోటివాళ్లు అడుగుతున్నారు. వాళ్లకు ఏమని చెప్పాలో కూడా తెలియడం లేదు.

పాత పీఈటీ, జనగామ

తమ్ముడూ, నీకు గడియారం వేళ కుదరదు, నిద్ర లేచిన వేళ కుదురుతుంది. ఏ షిఫ్టులో ఉన్నా, నిద్ర లేచి ముఖం కడుక్కున్న గంటలోపు 20 నిమిషాలు నీవి అనుకో. రాత్రి షిఫ్టు దిగివచ్చిన వెంటనే మాత్రం చేయవద్దు, ఆ సమయంలో శరీరానికి నిద్ర కావాలి. షిఫ్టు మారే రోజున పూర్తిగా విశ్రాంతి తీసుకో. ఇక ఇంట్లోవారికి ఇలా చెప్పు: పనిలో నడక ఆగుతూ సాగుతూ, బరువులు ఎత్తుతూ, వంగుతూ ఉంటుంది, అందులో నడుము అలసిపోతుంది కానీ గుండెకు ఏకధాటిగా సాధన దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే సాధన చెప్పింది. నీవు రోజుకు 20 నిమిషాలతో మొదలుపెడితే, షిఫ్టు మారే రోజు పోగా ఆరు రోజులకు 120 అవుతుంది, అక్కడి నుంచి 150కి చేరడానికి ఎంతో దూరం లేదు.

1600 మీటర్లు, ములుగు

నేను పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతూ హన్మకొండలో గది తీసుకొని ఉంటున్నాను. గత నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలని పెట్టారు. దసరాకు ముందు నేను 5 నిమిషాల 50 సెకన్లలో పరుగెత్తేవాణ్ణి, ఊరి నుంచి తిరిగివచ్చాక చూసుకుంటే 6 నిమిషాల 40 సెకన్లు పట్టింది. మా శిక్షకుడు నన్ను వారం రోజులు పూర్తి దూరం పరుగెత్తనివ్వలేదు, 400 మీటర్ల చొప్పున విశ్రాంతితో చేయించారు. పన్నెండో రోజుకు 6 నిమిషాలకు వచ్చాను.

నా గదిలో ఉండే మిత్రుడి సంగతి చెప్పాలి. పండుగ నుంచి వచ్చిన మొదటి రోజే ఒక జిమ్‌లో అతనితో 200 బైఠక్‌లు, అంటే మోకాళ్లు వంచి కూర్చొని లేవడాలు, చేయించారు. మరునాడు తొడలు వాచి మోకాళ్లు వంగలేదు, అది మామూలేనని అక్కడివారు చెప్పి పంపారు. మూడో రోజు మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. ఆసుపత్రిలో మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇది ఎందుకు జరుగుతుందో ఫిజియో మేడం గారు చెప్పగలరా?

ఫిజియో, నక్కలగుట్ట

అలవాటు తప్పిన కండరాన్ని ఒక్కసారిగా విపరీతంగా శ్రమపెడితే దాని కణాలు పగిలి, లోపలి పదార్థం రక్తంలోకి చేరుతుంది. అందులో మయోగ్లోబిన్ అనే మాంసకృత్తు మూత్రపిండాల గొట్టాలను దెబ్బతీస్తుంది, మూత్రానికి ఆ రంగు దాని వల్లనే వస్తుంది. మీ మిత్రుడు సకాలంలో వెళ్లడం మంచిదైంది, ఆలస్యమైతే డయాలసిస్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. నేల మీద చేతులు ఆనించి చేసే దండలు, బైఠక్‌లు మన తాలీంల (కుస్తీ సాధన చేసే చోట్ల) నుంచి వచ్చిన మంచి సాధనలే. అయితే విరామం తరువాత మొదటి రోజు పది చొప్పున రెండు సార్లు చేసి, రెండు రోజులు ఆగి, శరీరం ఎలా ఉందో చూసుకున్న తరువాతే పెంచాలి. కీళ్లు వంగనంత వాపు, ముదురు రంగు మూత్రం, ఈ రెండింటిలో ఏది కనిపించినా ఇంట్లో ఉండవద్దు.

జంక్షన్ వాసి, కాజీపేట

ఈ తమ్ముడు రాసింది చదివాక రెండు రోజులు ఆలోచించాను. గత సంవత్సరాల తూకాలు రాసుకున్న పుస్తకం తీసి చూశాను. ప్రతిసారీ నాలుగో రోజు తగ్గిన 3 కిలోల్లో రెండు కిలోలకు పైగా పదో రోజుకల్లా తిరిగి వచ్చాయి. పోషణ పాఠాలు గారు చెప్పిన లెక్క అక్షరాలా సరిపోయింది, వారికి కృతజ్ఞతలు. ఉపవాసం మానేస్తున్నాను. కానీ కఠినంగా ఉండాలన్న మాటను మాత్రం వదలను, ఆ కఠినత్వం దూరం మీద కాకుండా వేళ మీద చూపాలని మాస్టారి మాటను బట్టి అర్థం చేసుకున్నాను.

కట్టమీది నడక, హన్మకొండ

ఈరోజు నరక చతుర్దశి. నా ప్రశ్నకు ఇంత శ్రద్ధగా జవాబులు రాసిన అందరికీ నమస్కారాలు. ప్రశ్న అడిగిన మరునాటి నుంచి ఒక్క రోజు కూడా 5:30 తప్పలేదు. మొదటి ఐదు రోజులు నడక మాత్రమే చేశాను. నాతో పరుగెత్తే మిత్రులు నన్ను దాటి ముందుకు వెళ్తుంటే మొదటి రెండు రోజులు చాలా కష్టంగా అనిపించింది. ఆరో రోజు ఒంటికాలి మీద మడమ 20 సార్లు లేపగలిగాను, అప్పుడు మాస్టారు చెప్పిన ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక మొదలుపెట్టాను. ఆ వరుసకు ఈరోజుతోనే వారం నిండింది కాబట్టి ఇంకా పెంచలేదు. తిండిలో నేను మార్చినవి రెండే: రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగిస్తున్నాను, అన్నానికి ముందు పెసర్లో బొబ్బర్లో తింటున్నాను. ఈ ఉదయం బరువు 75.4 కిలోలు, నడుము 94 నుంచి 92.5 సెంటీమీటర్లకు వచ్చింది. రేపు దీపావళికి చెల్లెలి ఇంట్లో భోజనం ఉంది, అక్కడ వడ్డించింది తింటాను, రేపు ఉదయం నడక మాత్రం మానను.

మానేరు గాలి, కరీంనగర్

సంతోషం అన్నయ్యా. ఎల్లుండి నుంచి కార్తీకం కదా, సోమవారాలు నక్షత్రాలు కనిపించేదాకా ఉపవాసం ఉండటం మా ఇంటి ఆచారం. ఆ రోజుల్లో నడక ఉంచుకోవాలా, మానాలా?

పోషణ పాఠాలు, వరంగల్

అక్కయ్యా, ముందుగా ఆ సోమవారాల్లో ఉపవాసం ఉండవచ్చా, ఉంటే మాత్ర ఎప్పుడు, ఎంత వేసుకోవాలి అన్నది మీ డాక్టరు గారిని కార్తీకం రాకముందే అడగండి. మీకు ఒకసారి 61కి పడింది కాబట్టి ఇది తప్పనిసరి. వారు ఒప్పుకుంటే, ఆ రోజు ఉదయం నడక మాని, సాయంత్రం దీపం పెట్టి భోజనం చేసిన తరువాత డాబా మీది 15 నిమిషాలు మాత్రం చేయండి.

జంక్షన్ వాసి, కాజీపేట

కట్టమీది నడక గారూ, అభ్యంతరం లేకపోతే పాడ్యమి నాటి నుంచి నేను కూడా మీతో వస్తాను. కాజీపేటలో 5:10కి బయలుదేరితే సరిపోతుందని అనుకుంటున్నాను. మీ ఒక నిమిషం, రెండు నిమిషాల లెక్కే నేనూ పాటిస్తాను.

కట్టమీది నడక, హన్మకొండ

తప్పకుండా రండి. గుడి వైపు నుంచి కట్ట ఎక్కే చోట ఉంటాను. తెల్లవారుజామున మంచు పడుతోంది, కట్ట మీద కాలు జారకుండా అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకొని రండి.